అమరావతి రేవులో నేను చెప్పిన అబద్ధం

మా చిన్నప్పుడు కార్తీకమాసంలో ముప్పాళ్ళ నుంచి అమరావతికి వెళ్ళడమే మాకు పెద్ద ప్రయాణం... ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, దానిమీద బొంతలు వేసి, మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం ఎక్కి కూర్చునేవాళ్ళం. పులిహోర గంగాళం కుదుపులకు ఒరగకుండా మా నాయనమ్మ దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే ఉండేది.

నేను చెప్పబోయేది నాకు తొమ్మిదేళ్ళప్పటి సంగతి. తమ్ముడు చిన్నాకు అప్పటికి నాలుగు నిండలేదు.

ఆ ఆదివారం కృష్ణలో స్నానాలయ్యాయి, గుళ్ళో దర్శనమయింది. రేవుకు కాస్త ఎగువన చెట్ల కింద విస్తళ్ళు వేసుకుని అందరం భోజనాలు చేశాం. తర్వాత అమ్మ, పక్కింటి సుబ్బులత్త అంట్లు తీసుకుని రేవులోకి బయల్దేరారు. వెళ్తూ అమ్మ నాతో అంది...

"చిన్నాగాడి చెయ్యి వదలమాక. ఏట్లోకి రానీయమాక."

"అట్టాగేనమ్మా" అన్నాను.

వదిలేశాను... అవతల పిల్లలు తొక్కుడుబిళ్ళకు గళ్ళు గీస్తున్నారు. వాణ్ణి బొంత మీద కూర్చోబెట్టి, చేతిలో జామకాయ పెట్టి, ఒక్క ఆట ఆడి వద్దామని వెళ్ళాను. ఒకటి రెండయింది, మూడయింది. తిరిగి చూస్తే బొంత మీద సగం కొరికిన జామకాయ ఉంది. వాడు లేడు.

సరిగ్గా అప్పుడే అమ్మ తడి గిన్నెలతో గట్టెక్కి వచ్చింది.

"తమ్ముడేడే?"

ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "నీ వెనకే వచ్చాడమ్మా, ఏటికాడికి" అన్నాను.

అమ్మ చేతిలోని గిన్నెలు అక్కడే జారిపడ్డాయి.

నేను అలా చెప్పాను గనుక ఎవరూ రోడ్డు వైపు చూడలేదు. అందరూ ఏటికే పరుగెత్తారు. నాన్న చొక్కా కూడా విప్పకుండా నీళ్ళలోకి దూకాడు. పడవ వాళ్ళు గడలతో అడుగంతా తడిమారు. నాన్న మునిగి ఉత్త చేతులతో లేచిన ప్రతిసారీ గట్టు మీద ఆడవాళ్ళు ఏడుపు అందుకునేవాళ్ళు. అమ్మ మాత్రం ఏడవలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, తను నడిచి వచ్చిన దారినే చూస్తూ ఉండిపోయింది.

నిజం గొంతు దాకా వచ్చింది... కానీ చెబితే, వాణ్ణి నేనే చంపానని అందరికీ తెలిసిపోతుందని భయం. నోరు మూసుకుని నిలబడ్డాను.

పొద్దు వాలుతుండగా సత్తెనపల్లి రోడ్డు మీది నుంచి వేరే ఊరి ట్రాక్టరు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దామె చిన్నాను చంకనేసుకుని దిగింది.

"ఈ పిల్లోడు మీవోడేనా అయ్యా? మా పిల్లకాయల్లో కలిసి ట్రక్కెక్కాడు. సగం దూరం పొయినాక తలకాయలు చూసుకుంటే ఒకడు ఎక్కువైనాడు. మా ప్రాణాలు కూడా పైకే పొయినయ్యి."

అందరూ ఒక్కసారిగా నవ్వారు, ఏడ్చారు. నాయనమ్మ ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. నాన్న తడిబట్టలతోనే వాణ్ణి ఎత్తుకుని, అంతమంది ముందు అమ్మ వైపు తిరిగాడు.

"వెనక పిల్లోడొస్తా ఉంటే కూడా తెలవలా నీకు? ఏం తల్లివే నువ్వు?"

అమ్మ తల దించుకుంది. నేను బొంతలు మడత పెడుతున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

నాన్న ఆ మాట తర్వాత మరిచిపోయాడనుకుంటా. నాయనమ్మ మాత్రం కోపం వచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేది. అమ్మ ఆ తర్వాత మాతో ఎక్కడికీ బయల్దేరలేదు. కోటప్పకొండ తిరనాళ్ళకైనా, సాగర్‌కైనా మేం నాన్నతోనే వెళ్ళేవాళ్ళం. "మీరు పొయ్యి రండి, నాకు ఇంట్లో పనుంది" అనేది. ఆ పనేమిటని ఎవరమూ అడగలేదు...

నాన్న పోయి నాలుగేళ్ళయింది. చిన్నాకు నరసరావుపేటలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఈమధ్య అందరం కలిసి ఎత్తిపోతల జలపాతానికి వెళ్దామన్నాడు. అమ్మ ఎప్పటిలాగే రానంది. ఈసారి ఇంకో మాట కూడా అంది.

"పసోళ్ళతో ప్రయాణం. నన్ను నమ్ముకోమాకండి."

ఇక ఉండలేకపోయాను. మధ్యాహ్నం అమ్మ వసారాలో కూర్చుని కందిపప్పు చెరుగుతుంటే దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఆ రోజు చిన్నా నీ వెనక రాలేదు. నేనే వాణ్ణి వదిలేసి ఆడుకోను పోయా. నీకు అబద్ధం చెప్పా."

చేట ఆగిపోయింది.

"లేదే, వచ్చాడు. వెనక అడుగుల చప్పుడు విన్నాగా నేను" అంది.

"రాలేదమ్మా."

చేటలో పప్పును వేలితో అటూ ఇటూ జరిపింది. తర్వాత మెల్లగా, తనతో తనే చెప్పుకున్నట్టు... "ఇన్నేళ్ళూ వింటానే ఉన్నానే ఆ చప్పుడు. విని కూడా తిరిగి చూడలేదని..." అంది.

ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. తల నిమురుతుందనుకున్నాను. నిమరలేదు. "మీ నాన్న ఉండంగా చెప్పాల్సింది" అని మాత్రం అని, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎత్తిపోతలకు మాతో వచ్చింది. నామీద కోపంగా లేదు, మామూలుగానూ లేదు. మనవరాలు వెనక నడుస్తుంటే నాలుగడుగులకోసారి ఆగి తిరిగి చూసేది. పిల్ల చెయ్యి అందించినా పట్టుకోవడానికి సందేహించింది. చివరికి పట్టుకుంది... రెండు చేతులతో.

ఇప్పుడు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా అడుగడుగునా ఫోటోలు, వీడియోలు. ఎవరు ఎవరి వెనక నడిచారో సాయంత్రం కూర్చుని చూసుకోవచ్చు. ఆ రోజుల్లో అలా కాదు... ఒకరు చెప్పిందే ఇంటిల్లిపాదికీ నిజమయ్యేది.

చిన్నతనంలో మీరు అన్న మాట ఏదైనా ఇంకా ఒకరి మీద భారంగా ఉండిపోయిందా? ఇక్కడ రాస్తే చదువుతాను. రాయకపోయినా పర్వాలేదు, ముందు వాళ్ళకు చెప్పండి... నాన్నకు చెప్పే వీలు నాకిక లేదు.