నీళ్ళు చూడని బట్ట

2023 మే నెల. మరమగ్గాల ఊరైన భివండిలో శాంతి నగర్ రోడ్డు మీద మా ట్రావెల్స్ ఆఫీసు. ఒక టేబులు, నాలుగు కుర్చీలు, గోడకు మహారాష్ట్ర రోడ్డు మ్యాపు. అంతకుముందు చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికకు ఇక్కడి నుంచి వార్తలు పంపేవాణ్ని. ఆ పరిచయాలతోనే ఈ వ్యాపారం నిలబడింది. మాకు వచ్చే బేరాల్లో ఎక్కువ భాగం ఇక్కడి తెలుగు నేత కుటుంబాలు కరీంనగర్, సిరిసిల్ల వైపు పెళ్ళిళ్ళకు వెళ్ళే బస్సులు. మిగిలినవి సెలవుల్లో పిల్లల కోసం వేసే పార్కు ట్రిప్పులు.

పార్కు ట్రిప్పు వేయడం బయటివాళ్ళు అనుకున్నంత సులువు కాదు. పార్కుల్లో రెండు రకాలు. రంగులరాట్నాలు, రోలర్ కోస్టర్లు ఉండేది డ్రై పార్కు. జారుడు బల్లలు, అలల కొలను ఉండేది వాటర్ పార్కు. డ్రై పార్కు ముందు రోజు పెట్టాలి. రోజంతా నీళ్ళలో నానిన పిల్లలకు మరునాడు ఎండలో క్యూలో నిలబడే ఓపిక ఉండదు. నైట్ హాల్ట్ ఊరి బయట పెడితే బస్సు నిలపడానికి చోటు దొరుకుతుంది. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మగ్గాల సెలవు. భివండిలో లూమ్‌లకు శుక్రవారం బంద్. అందుకని మా మూడు రోజుల ట్రిప్పులు బుధవారం బయలుదేరి శుక్రవారం సాయంత్రానికి ఇల్లు చేరతాయి. శని, ఆదివారాల రద్దీ తప్పుతుంది. మగ్గాల షెడ్డు అదనంగా మూసేది రెండు రోజులే.

ఆ నెల మొదట్లో గైబీ నగర్ నుంచి స్వరూప వచ్చింది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త సత్యం ఎనిమిది లూమ్‌లు మజూరీ మీద నడుపుతాడు. అంటే సేటు దారం ఇస్తాడు, ఇతను నేసి బట్ట ఇస్తాడు. ఒకే గల్లీలో ఉండే ఐదు కుటుంబాలు కలిసి వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన. బుకింగుకు మామూలుగా మగవాళ్ళు వస్తారు. ఈసారి ఆమె మాట్లాడుతుంటే సత్యం పక్కన కూర్చుని ఫోను చూస్తున్నాడు.

నేను దారి చెప్పాను. మొదటి రోజు లోనావాలా వైపు డ్రై పార్కు, రెండో రోజు ఘాటు దిగి ఒక వాటర్ పార్కు, మూడో రోజు సముద్రం వైపు ఇంకో వాటర్ పార్కు, అటునుంచి ఇల్లు. ఆమె తల ఊపింది.

"గదంత మంచిగనే ఉన్నదన్నా. నీళ్ళ పార్కుల ఏం బట్టలేస్కోవాలె? గది చెప్పు."

"కాస్ట్యూమ్ వాళ్ళే కిరాయికిస్తరు చెల్లె."

"ఎవలెవలో ఏస్కొని ఇడిసినయి, మోకాళ్ళ మీదికి. పోయినసారి సూసిన. ఒక్కదానికి గుడ ఏస్కో బుద్ధి కాలే."

సత్యం ఫోను మీద నుంచి తల ఎత్తాడు. "అయితే ఏంది? ఆడోళ్ళు నీళ్ళల్ల దిగుతరా? పోయినసారి ఒడ్డుకే కూసున్నరు గద, మంచిగనే ఉండె."

"మీకు మంచిగనే ఉండె," అంది స్వరూప.

ఆమె చెప్పింది నేను ప్రతి ట్రిప్పులోనూ చూసిందే. మా వాళ్ళలో ఆడవాళ్ళు టికెట్టు కొని లోపలికి వస్తారు, నీళ్ళలో దిగరు. చీర, నూలు బట్ట వేసుకుని దిగనివ్వరు. దారాలు ఊడి ఫిల్టర్లో ఇరుక్కుంటాయని పార్కుల వాళ్ళు చెబుతారు. కిరాయి కాస్ట్యూమ్ వీళ్ళు వేసుకోరు. రోజంతా గొడుగు నీడలో కూర్చుని, తడిసి వచ్చిన పిల్లల తలలు తుడిచి, మళ్ళీ పంపిస్తుంటారు.

ఆమె కోరిక మీద పార్కుకు ఫోను చేసి స్పీకరులో పెట్టాను. నిలువెల్లా కప్పుకున్నా అభ్యంతరం లేదు, బట్ట సింథటిక్ అయి ఉండాలి, హుక్కులు, జరీ ఉండకూడదు అన్నారు.

"గంతేనా?" అంది స్వరూప. "మా గల్లీల సింథటిక్ తప్ప ఇంకేమున్నదన్నా?"

సత్యం లూమ్‌ల మీద అప్పుడు ముదురు నీలం పాలిస్టర్ నడుస్తోంది. దారానికే ముందుగా రంగు వేసి నేసే రకం. లూమ్ మీద నుంచి దిగేసరికే దుకాణంలో అమ్మే బట్టలా ఉంటుంది. డ్యామేజీ దగ్గర కోసి పక్కన పెట్టిన ముక్కలు సేటును అడిగి తీసుకున్నారు. స్వరూప మోకాళ్ళ కిందికి వచ్చే చొక్కా, నిండు చేతులు, పైజామా, తలకు టోపీ కుట్టింది. ఆ జోడు చూపించి ఐదిళ్ళల్లో మగవాళ్ళను ఒప్పించింది. ఆ తర్వాత తనతో కలిపి మొత్తం పదకొండు మందికి కుట్టింది. అత్త పోచవ్వ మాత్రం కొలత ఇవ్వలేదు. "గీ వయసుల నాకు పైంటు తొడిగిస్తవా? నా మొగడు పైనుంచి సూసి మల్ల సస్తడు," అందట.

బుధవారం డ్రై పార్కు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. గురువారం ఉదయం వాటర్ పార్కు. ప్రవేశం దగ్గర కాస్ట్యూమ్ చూసే సూపర్‌వైజర్ ఒక మరాఠీ ఆవిడ. బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసి, కుట్టు చూసి, "అచ్ఛా సిలాయా హై" అని మెచ్చుకుని పంపింది. నీలం బట్టల్లో పదకొండు మంది వరసగా కొలను మెట్లు దిగారు. మొదట నడుము లోతుకు, తర్వాత ఒకరినొకరు పట్టుకుని ఇంకొంచెం లోపలికి వెళ్ళారు. పిల్లలు కేకలు పెడుతూ తల్లుల మీద నీళ్ళు చల్లారు. నేను ఒడ్డున కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

కాసేపటికి వాళ్ళ చుట్టూ నీళ్ళు తెల్లబడడం మొదలైంది. ముందు మసకగా, తర్వాత స్పష్టంగా. కదిలినకొద్దీ ఆ తెలుపు చుట్టుపక్కలకు పాకింది. లైఫ్‌గార్డు విజిల్ ఊది అందరినీ బయటికి రమ్మన్నాడు. సూపర్‌వైజర్ పరుగున వచ్చింది.

"సాబున్ లగాకే ఆయే క్యా ఆప్ లోగ్?"

సబ్బు పూసుకుని వచ్చారా అని ఆమె ప్రశ్న. మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్ళ పైజామాల నుంచి జిగటగా తెల్లని నీరు కారుతోంది. అక్కడున్న వేరే కుటుంబాలు పిల్లలను పక్కకు లాక్కున్నాయి. మా మగవాళ్ళలో ఒకాయన "పాల డెయిరీ తెరిసిన్రు" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. గొడుగు కింద నుంచి పోచవ్వ లేచి వచ్చి కోడలి చెయ్యి ముట్టుకుని చూసింది.

"గిదేందే, గంజి వార్చినట్టున్నది!"

ఆ మాట విని సత్యం నవ్వు ఆపాడు. భార్య చొక్కా అంచు పిండి, ఆ నీటిని వేళ్ళ మధ్య రుద్దుకున్నాడు.

"సైజింగ్," అన్నాడు.

నిలువు దారాలు మగ్గం మీద తెగిపోకుండా నేతకు ముందు వాటికి జిగురు పూత పూస్తారు. దాన్ని సైజింగ్ అంటారు. నేసిన బట్టను ప్రాసెస్ హౌసులో కడిగినప్పుడు అది పోతుంది. ఆ సంగతి గైబీ నగర్‌లో అందరికీ తెలుసు. పూత పూసిన దారం చుట్టిన బీములు భుజాల మీద మోసి షెడ్డులోకి తెచ్చేది వాళ్ళే. అయినా ఒక్కరికీ గుర్తు రాలేదు.

"నీకు తెల్సు గద, ముందుగాల్నే చెప్పొద్దా?" అంది స్వరూప.

"నేనెన్నడన్న తడిపి సూసిన్నా? మిషిన్ మీదికెళ్ళి దిగుతది, మడతేస్తం, టెంపో ఎక్కుతది. ఇరవై ఏండ్ల సంది నేస్తున్న, నీళ్ళు తాకంగ ఎన్నడు సూడలే."

అతను చెప్పింది నిజమే. వాళ్ళు నేసిన బట్ట వాళ్ళ ఇళ్ళలో తడవదు. వాళ్ళు కట్టుకునేది బజారులో కొన్న బట్ట.

సూపర్‌వైజర్‌తో మాట్లాడే పని నాది. ఆమె గట్టిగా అరవలేదు. ఒక బకెట్టు తెప్పించి, బట్ట ముంచి పిండితే నీళ్ళు తేటగా ఉండాలని, అప్పుడే మళ్ళీ దిగనిస్తానని చెప్పింది. ఆడవాళ్ళు షవర్ల కింద చాలాసేపు నిలబడి బట్టలు రుద్దుకున్నారు. బకెట్టులో నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆ ప్రయత్నం విడిచిపెట్టి వచ్చి ఒడ్డున కూర్చున్నారు. ఎండకు బట్టలు ఆరి మళ్ళీ బిరుసెక్కాయి.

సాయంత్రం బస్సు బయలుదేరాక ముందు సీట్లలో ఉన్న మగవాళ్ళు నన్ను పిలిచారు. రేపటి వాటర్ పార్కు వద్దు, పొద్దున్నే ఏదన్నా గుడి చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరుదాం అన్నారు. ఎట్లాగూ ఆడవాళ్ళు దిగరు, పిల్లలు ఇవాళ సరిపడా ఆడారు. గ్రూపు ప్లాను మధ్యలో మార్చడం మా పనిలో మామూలే. డ్రైవరుకు చెప్పడానికి నేను లేచాను.

వెనక నుంచి స్వరూప గొంతు వినిపించింది. "అన్నా, రేపటి పార్కు ఎన్నింటికి తెరుస్తరు?"

"పది గంటలకు."

"మనం దిగే లాడ్జిల వేన్నీళ్ళున్నయా?"

"గీజర్లున్నయి."

ఆమె పక్కనున్న ఆడబిడ్డ భాగ్య మోచేత్తో పొడిచింది. "ఇయ్యాల పోయిన ఇజ్జత్ చాలలేదా వదినె? ఊకో."

"ఇయ్యాల గిట్ల ఇంటికి పోతే మల్ల జన్మల దిగం భాగ్యా. ఎప్పుడు పార్కంటే అప్పుడు గిదే కథ చెప్పి నవ్వుతరు. మీ పోరగాండ్లు గుడ చెప్తరు."

ముందు నుంచి సత్యం వెనక్కి తిరిగాడు. "రేపు గుడ గట్లనే అయితే?"

"అయితే అప్పుడు నువ్వు నవ్వు. నేను గుడ నవ్వుత."

"ఉత్త వేన్నీళ్ళకు పోదది," అన్నాడు సత్యం. "ప్రాసెస్‌ల సోడా ఏస్తరంట." లాడ్జి దగ్గర బస్సు ఆగగానే అతనే కిరాణా షాపు వెతుక్కుంటూ వెళ్ళి బట్టల సోడా పొట్లాలు తెచ్చాడు. నేను డ్రైవరుకు ప్లాను మార్చమని చెప్పలేదు.

ఆ సాయంత్రం లాడ్జిలో అన్ని బాత్రూములూ వాళ్ళవే అయ్యాయి. సోడా వేసిన వేడి నీళ్ళలో బట్టలు నానబెట్టి, కాళ్ళతో తొక్కి, పారబోసి, మళ్ళీ నీళ్ళు పట్టారు. పోచవ్వ స్టూలు వేసుకుని కూర్చుని ఎవరు సరిగా తొక్కడం లేదో చెబుతూ ఉంది. "తొక్కు, తొక్కు, మామిడికాయ తొక్కు గాదది, మెల్లగ తొక్కుడానికి." మేనేజరు ఫిర్యాదుకు వస్తే, ఇది ట్రిప్పులో భాగమేనని చెప్పి పంపించాను. అతను నమ్మినట్టు లేడు.

శుక్రవారం ఉదయం బస్సులో సామాన్లు పెట్టే రాడ్లకు అటూ ఇటూ నీలం పైజామాలు వేలాడుతున్నాయి. సీట్లు తడుస్తాయని డ్రైవరు గొణిగాడు. అద్దాలన్నీ తీసి పెట్టాం. పార్కు చేరేసరికి బట్టలు ఆరాయి. చేతులు కాస్త పొట్టిగా అయ్యాయి, కుట్లు అక్కడక్కడ ముడుచుకున్నాయి, ముందు రోజున్న బిరుసు పోయి మెత్తగా వేలాడుతున్నాయి. అది చూసి ఇద్దరు తాము వేసుకోబోమన్నారు. ఒంటికి అంటుకుంటాయని వాళ్ళ భయం. స్వరూప వాళ్ళను బతిమాలలేదు. తొమ్మిది మంది వేసుకున్నారు.

గేటు దగ్గర ఎవరూ అడగకముందే స్వరూప బకెట్టు నీళ్ళు తెప్పించింది. చెయ్యి మోచేతి దాకా ముంచి, చొక్కా చేతిని రెండుసార్లు పిండి, బకెట్టును అక్కడ బట్టలు చూసే అమ్మాయి ముందుకు జరిపింది. ఆ అమ్మాయికి సంగతి తెలియదు. ఇందులో ఏం చూడాలో అర్థం కాక బకెట్టు వైపూ ఆమె వైపూ చూసింది.

"క్యా దేఖ్నా హై ఇస్మే?"

"కుఛ్ నై దిఖా న?" అంది స్వరూప. "బస్, వహీచ్ దేఖ్నా థా." ఏమీ కనిపించకపోవడమే ఆమెకు కావలసింది.

అలల కొలనులో అలలు వచ్చే ముందు సైరన్ మోగుతుంది. సైరన్ మోగేసరికి తొమ్మిది మంది చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. మొదటి అల ఆ వరసను మధ్యలో తెంపింది. భాగ్య కూలబడి, నీళ్ళు మింగి లేచి, వదినెను నాలుగు మాటలు తిట్టి, రెండో అలకు మళ్ళీ వెళ్ళి నిలబడింది. స్వరూప మాత్రం చాలాసేపు అలలను చూడలేదు. తల వంచి తన చుట్టూ ఉన్న నీళ్ళనే చూస్తూ నిలబడింది. అడుగున నీలం పలకలు కనిపిస్తున్నాయి. అవి కనిపిస్తూనే ఉన్నాయని నమ్మకం కుదిరాక, మెడ దాకా మునిగింది.

వేసుకోనన్న ఇద్దరిలో ఒకామె మధ్యాహ్నం బట్టలు మార్చుకుని దిగింది. రెండో ఆమె దిగలేదు. పోచవ్వ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని అంచు నీళ్ళలో పాదాలు పెట్టింది. లైఫ్‌గార్డు విజిల్ ఊది, "కాటన్ నహీ చలేగా, మౌసీ" అన్నాడు.

"పోరా!" అంది పోచవ్వ తెలుగులోనే. "నా చీర నువ్వు పుట్టకముందుకెళ్ళి నీళ్ళు సూసింది."

అతను ఆమెను పాదాల వరకు ఉండనిచ్చాడు.

మా పనిలో దూరాలు, టోల్ గేట్లు, భోజనాల వేళలు లెక్క వేయడం కొన్నాళ్ళకు చేతికి వచ్చేస్తుంది. ప్లాను మధ్యలో మార్చమని అడిగినప్పుడు ఎవరి మాట వినాలన్నది మాత్రం ఆ ట్రిప్పు తర్వాతే నాకు పట్టుబడింది. బస్సులో గట్టిగా మాట్లాడేవాళ్ళు ముందు సీట్లలో ఉంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. వాళ్ళ వరకు ట్రిప్పు నిజంగానే అయిపోయి ఉంటుంది. ఇంకా మొదలే కానివాళ్ళు ఒకరిద్దరు వెనక కూర్చుని ఉంటారు, అడిగితే తప్ప చెప్పరు. ఇప్పుడు ఎవరైనా రేపటి పార్కు వద్దంటే, డ్రైవరు దగ్గరికి వెళ్ళే ముందు నేను చివరి సీటు దాకా నడిచి వెళ్తాను.