తాత చేతిలో సూది

నా చిన్నప్పుడు మా తాత చేతిలో సూది కనబడితే చాలు, నేను గొర్రెల దొడ్డి వెనక్కి ఉరికేదాన్ని. మాది మర్రిగూడ వైపు, గొర్రెలు కాసే ఇల్లు. కొన్ని గొర్రెపిల్లలు కనురెప్ప లోపలికి ముడుచుకొని పుడతాయి. వెంట్రుకలు కంటిగుడ్డుకు రాసుకొని పుండవుతుంది, అలాగే వదిలేస్తే చూపు పోతుంది. తాత ఆ పిల్లను మోకాళ్ల నడుమ బిగించి, రెప్ప కింది తోలు ఎత్తి, ఒక కుట్టు వేసి రెప్పను బయటికి మలిపేవాడు. పిల్ల అరుపు కంటే తాత నింపాదితనానికే నాకు ఎక్కువ భయం వేసేది.

ఒక ఏడు అదే బాధ మా అవ్వకు వచ్చింది. పై రెప్పలు లోపలికి తిరిగాయి. ముల్లు తీసే చిమటాతో వెంట్రుకలు పీకించుకునేది. అవి మళ్లీ మొలిచి ఇంకా ఎక్కువ గుచ్చుకునేవి. వెలుతురు చూడలేక కొంగు కప్పుకొని మూలన కూర్చునేది. అమ్మ లేని నన్ను పెంచింది ఆ అవ్వే. నల్లగొండ దవాఖానలో రెప్ప కోసి సరిచేస్తారని ఎవరో చెబితే ఆమె ససేమిరా అంది. కత్తి పెడితే కన్నే పోతుందని ఆమె నమ్మకం.

"నువ్వే కుట్టరాదు? గొర్రెపిల్లలకు కుడుతలేవా?" అంది తాతతో. తాత సరేనన్నాడు.

మరునాడు పొద్దున్నే సూదిని నీళ్లలో మరిగించాడు. అవ్వ చాప మీద పడుకొని నా లంగా అంచు గట్టిగా పట్టుకుంది, లేకపోతే నేను పారిపోయేదాన్నే. ఆ కళ్లు పోతే నా గతేమిటనుకున్నాను. తాత సూదిని రెప్ప దగ్గరికి తెచ్చి ఆగాడు. చెయ్యి వణికింది. ఊపిరి పీల్చుకొని మళ్లీ తెచ్చాడు. మళ్లీ వణికింది.

"ఏమైంది?" అంది అవ్వ.

"భయమైతాందే. నా చెయ్యి వద్దంటాంది. లే, దవాఖానకు పోదాం."

సిగ్గుపడకుండా, నా ముందరే అన్నాడు. ఎవరు బతిమాలినా వినని అవ్వ ఆ మాటకు లేచి కూర్చుంది. తాతకు భయమేస్తుందని ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

దవాఖానలో ఆమె తలుపు వెనక ఉన్నంతసేపూ తాత నా చెయ్యి నలిపేశాడు. నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. కట్లు విప్పాక అవ్వ నన్ను కళ్లారా చూసి మొట్టమొదట అన్న మాట, "గిదేం జడనే, ఎవలేసిండ్రు?" తాత వేసిన జడ అది.

ఈ ఏడు నా కింది రెప్ప లోపలికి తిరిగింది. వయసు మీదపడితే కొందరికి అలా అవుతుందట. బల్ల మీద పడుకున్నాక డాక్టరమ్మ భయంగా ఉందా అని అడిగింది. నా వయసు వాళ్లు అబ్బే అనాలి కాబోలు. నాకు మాత్రం తాత నేర్పిన మాట ఇప్పటికీ నోట్లోనే ఉంది.

"భయమైతాంది బిడ్డా" అన్నాను.

ఆమె చేతిలోని మత్తు సూది పక్కన పెట్టి, కాసేపు నా చెయ్యి పట్టుకొని కూర్చుంది.