చక్రం కింద రాయి తీసిన పూట

పోయిన ఆదివారం మా అల్లుడు కొత్త కారు కొనుక్కుని పెందుర్తిలో మా ఇంటికి తెచ్చాడు. మా వీధి కాస్త వాలుగా ఉంటుంది. ఆ వాలులోనే కారాపి, బ్రేకని ఏదో మీట నొక్కి, పిల్లల్ని అందులోనే కూర్చోబెట్టి మంచినీళ్లకని లోపలికి వచ్చేశాడు. అంతే, నా చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నా మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది, అయినా ఆ క్షణాన విన్నాయి. వీధిలోకి పరుగెత్తి ముందు చక్రం దగ్గర చతికిలబడి, దాని కింద ఏమైనా అడ్డం ఉందా అని తడుముకున్నాను.

"ఏటి మావయ్యా, ఏటి పడిపోనాది?" అంటూ అల్లుడు వెనకే వచ్చాడు.

"నా గుండె" అన్నాను.

"అదే ఆగుంటాది మావయ్యా, మీట నొక్కీసినాను గదా" అని వాడు నవ్వాడు. మా ఇంట్లో నవ్వించే ఉద్యోగం నాది, కాని ఆ పూట గోడవారనున్న ఇటుక తెచ్చి చక్రం కింద దోపాను.

ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. డెబ్బైల చివర్లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు పట్టుకుంది. మాది పద్మనాభం వైపు పల్లె. ఏడో తరగతిలో బడి నన్ను వదిలిందో నేను బడిని వదిలానో గాని, ఇద్దరిలో ఎవరమూ బాధపడలేదు. లారీలు కడిగి, లారీల కింద దూరి, చివరికి పోర్టులో కంట్రాక్టు పనులు చేయించే ఒక గోదావరి జిల్లా పెద్దమనిషి దగ్గర కారు డ్రైవరుగా కుదిరాను. ఆయన్ని బాబుగారు అనేవాణ్ణి, వాళ్లమ్మగారిని మామ్మగారు అనేవాణ్ణి. వాళ్ల ఇల్లు సముద్రం వైపు దిగే ఒక ఏటవాలు వీధిలో సగం ఎత్తున ఉండేది.

మన ఊళ్లో పాత బండ్లు తోలినవారికి గుర్తుండే ఉంటుంది, పొద్దున్నే బ్యాటరీ మూలిగితే మనం బెంగపడేవాళ్లం కాదు, విశాఖపట్నంలో వాలుకు కరువు లేదు గనక. రాత్రే కారు ముక్కు దిగువకు పెట్టి ఆపి, ముందు చక్రం కింద ఒక రాయి దోపేవాళ్లం. తెల్లారి రాయి తీస్తే బండి తనంతట తానే కదిలేది, నాలుగు బారలు జారాక రెండో గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను దగ్గుతూ లేచేది. ఇంటింటికీ ఒక రాయి. కొందరు దానికి తాడు కూడా కట్టి, సీట్లో కూర్చునే లాగేవాళ్లు. ఆ తెలివి నాకు లేదు, నాకున్నది చురుకు. హ్యాండు బ్రేకు లాగి, దిగి, రాయి తీసి డిక్కీలో పడేసి, మళ్లీ ఎక్కి బ్రేకు వదిలేవాణ్ణి. వీధిలో వాళ్లు చూసి మెచ్చుకుంటున్నారనుకునేవాణ్ణి.

అసలా తిప్పలన్నీ నా చేతి చలవే. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయాలని బాబుగారు సీసా కొని ఇచ్చినా, అది అటకమీద ఎక్కడో ఉందని, దగ్గరున్న కుళాయి నీళ్లు పోసేసేవాణ్ణి. సముద్రపు గాలికి హ్యాండు బ్రేకు తీగ తుప్పుపట్టి, లాగితే గరగరమనేది. నెలకోసారి దిగి గ్రీజు రాయమంటే, ఆ గరగర బిగువుకు గుర్తని చెప్పుకునేవాణ్ణి. వాలులో ఆపినప్పుడు గేరులో ఉంచు, చక్రం గోడవైపు తిప్పు, ఆ తర్వాతే రాయి పెట్టు అని బాబుగారు ముమ్మారు చెప్పారు. నేను ఆయన నడకనీ గొంతునీ అనుకరిస్తూ, ఆ మూడు ముక్కలూ పక్కింటి డ్రైవర్లకు చెప్పి నవ్వించాను. పాటించింది మాత్రం రాయి ఒక్కటే.

ఒక శుక్రవారం పొద్దున్న మామ్మగారు చెల్లెలింటికి బయల్దేరి వెనక సీట్లో కూర్చున్నారు. నేను రాయి తీసి డిక్కీలో వేశాను. ఇక ఎక్కబోతుంటే ఆవిడ, "ఒరేయ్ అబ్బాయ్, కళ్లజోడు మర్చిపోయాన్రా, వీధరుగు మీదుంటుంది, కాస్త అందుకో" అన్నారు. మళ్లీ డిక్కీ తెరిచి, వంగి, రాయి పెట్టి, మళ్లీ తీయాలా? హ్యాండు బ్రేకు లాగే ఉంది, ఎంతసేపు, పది అడుగులే కదా అనుకున్నాను. కళ్లజోడు తీసి జేబులో వేసుకుని వెనక్కి తిరిగేసరికి కారు ఉండాల్సిన చోట లేదు.

నాలుగు బారల దూరంలో, చప్పుడు లేకుండా, మర్యాదగా జారిపోతోంది. ఇంజను లేని కారు అంత నిశ్శబ్దంగా వెళ్లగలదని నాకు అంతవరకు తెలియదు. వెనక అద్దంలోంచి మామ్మగారి తెల్లటి ముడి కనిపిస్తోంది. వీధి చివర బీచి రోడ్డు మలుపులో, జాలరిపేట ఆడవాళ్లు చేపల తట్టలు ముందు పెట్టుకుని, మాకు వీపులు తిప్పి కూర్చున్నారు. ఎంత పరుగెత్తానో నాకు తెలియదు. అరవాలని కూడా తట్టలేదు. ఒక చెప్పు ఎక్కడో పోయింది. తలుపు పిడి అందింది, జారింది, మళ్లీ అందింది. తలుపు లాగి, సీటు ఎక్కే వ్యవధి లేక, తల ముందు పెట్టి బోర్లా లోపలికి పడి, రెండు అరచేతులతో బ్రేకు పెడలు నొక్కాను. కాళ్లు రెండూ బయటే, రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తున్నాయి. కారు ఆగింది. ఆగిన తర్వాత కూడా చేతులు తీయడానికి ధైర్యం చాలక, అలాగే ముక్కు పెడలుకు ఆనించి పడి ఉన్నాను.

"సర్కస్ సేత్తన్నావేట్రా? కాళ్లు బయటెట్టి కారు తోలీవోడ్ని ఇప్పుడే సూత్తన్నాం!" అని ఒకావిడ గొంతు నెత్తిమీద వినిపించింది. తక్కినవాళ్లంతా నవ్వారు. ఆమె తట్టకూ కారుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు ఉంది. నేనెప్పుడూ ఏదో ఒక వేషం వేస్తుంటానని వాళ్లకు తెలుసు, ఇదీ అలాంటిదే అనుకున్నారు.

గేరు వేసి, చక్రం గోడవైపు తిప్పి, మోకాళ్ల నుంచి రక్తం కారుతుండగా కళ్లజోడు తీసి మామ్మగారికి ఇచ్చాను. ఒక అద్దం చిట్లింది. ఆవిడ అదే పెట్టుకుని, ముందు చేపలవాళ్లను చూశారు, తర్వాత నా సీటును చూశారు, ఆఖర్న నన్ను చూశారు. కారు జారినంతసేపూ ముందు సీటు ఖాళీ అని తెలియడానికి కళ్లజోడు అక్కర్లేదు. మెల్లగా దిగి, "రిక్షాని పిలవరా" అన్నారు. అంతే.

ఆ సాయంత్రం నుంచి నా భయం రూపు మార్చుకుంది. ఆవిడ నోరు విప్పితే నా ఉద్యోగం ఆ పూటతో సరి. బాబుగారు తలుపు తీస్తే చాలు, గుడ్డ తీసుకుని తుడిచిన కారునే మళ్లీ తుడిచేవాణ్ణి. మా ఊరి బావ ఒకడు అల్లిపురంలో మెకానిక్కు, వాడి దగ్గరికి పోయి బ్రేకు తీగ కొత్తది వేయించాను. వాడు బ్యాటరీ కూడా చూసి, "దీనికి కులాయి నీల్లు తాగించీసి, ఇప్పుడు పని సెయ్యట్నేదంటే ఎలాగ బావా? నువ్వు పూటపూటా సారా తాగితే ఎలాగుంటావో ఇదీ అలాగే ఉంటాది" అన్నాడు. ఆ ఒక్క తప్పు బాబుగారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన తిట్టి, కొత్త బ్యాటరీ కొన్నారు. వాలు సంగతి మాత్రం నా నాలుక దాకా వచ్చి వెనక్కి పోయేది.

మామ్మగారు చెప్పలేదు. కాని మళ్లీ ఆ కారెక్కలేదు కూడా. కొడుకు ఎంత అడిగినా, కార్లో కూర్చుంటే కడుపులో తిప్పుతోందిరా అనేవారు. అయినా దారిలో ఎండో వానో తగులుతుందని బాబుగారు నన్ను వెంట పంపేవారు. అలా ఆవిడ చెల్లెలింటికి వెళ్లే ప్రతి శుక్రవారం ముందు రిక్షాలో ఆవిడ, వెనక మొదటి గేరులో ఖాళీ కారుతో నేను ఆ వాలు దిగేవాళ్లం. ఊళ్లోవాళ్లు నన్ను ఆటపట్టించేవారు, నేనూ రెండు జోకులు వేసేవాణ్ణి. ఇంటి ముందు వాలు దిగడం మొదలెట్టేటప్పుడు మాత్రం ఆవిడ ఒక్కసారి రిక్షా గూడు పట్టుకుని వెనక్కి తిరిగేవారు. కార్లో మనిషి ఉన్నాడా లేడా అని. నేను రెండు చేతులూ స్టీరింగు మీదికెత్తి కనపడేలా పెట్టేవాణ్ణి. అప్పుడు ముందుకు తిరిగేవారు. ఆవిడ పోయేదాకా అలాగే సాగింది. క్షమించండి మామ్మగారూ అని ఒక్కనాడూ అనలేకపోయాను, నవ్వులాటకు తప్ప నోరు తిరగని వయసు.

ఇప్పుడా వీధిలో ఇళ్లు పోయి అపార్టుమెంట్లు లేచాయి, రిక్షాలు లేవు, చేపల తట్టలూ ఆ మలుపులో లేవు. పొద్దస్తమానం కార్లు ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉంటాయి, చల్లటి నల్లద్దాలు పైకెత్తి. అందులో ఎవరున్నారో, అసలున్నారో లేదో, తిరిగి చూసేవాళ్లెవరూ లేరు.