పండగ వారం సున్నాలు

జగన్నాథం అన్నయ్య పోయి ఏడాదైందని, ఆయన జీవితం గురించి నాలుగు ముక్కలు రాయమని మా తెలుగు సంఘం వాళ్ళు నన్ను అడిగారు. ఆయన వ్యాసాలన్నీ టైపు కొట్టినవాణ్ణి కాబట్టి నాకే ఎక్కువ తెలుసని వాళ్ళ నమ్మకం. తెలుసు, నిజమే. తెలిసిందంతా రాశాక నన్ను సంఘం గడప తొక్కనిస్తారో లేదో తెలియదు.

సొంత అన్న కాకపోయినా నేను అన్నయ్యా అని పిలిచే ఆయన బిలాస్‌పూర్ లోకోషెడ్డులో గుమస్తా. రైలు లైను వేసే రోజుల్లో వాళ్ళ నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అన్నయ్య చదివింది మెట్రిక్కే. ఎవరో దొర ఊరొదిలి వెళ్తూ అమ్ముకున్న పాత మైక్రోస్కోపు ఒకటి కొని క్వార్టర్ వరండాలో పెట్టుకున్నాడు. డ్యూటీ దిగితే అన్నం మాట మరిచిపోయి దాని మీద వంగేవాడు. ఇంజను బాయిలర్లో పేరుకునే పెచ్చు మీద షెడ్డు కెమిస్టుతో కలిసి ఒక వ్యాసం రాశాడు. రతన్‌పూర్ చెరువుల నాచు మీద నాగపూర్‌లో వృక్షశాస్త్రం చెప్పే మేష్టారితో ఇంకొకటి. కప్పలు ఏం తింటాయన్న దాని మీద కలకత్తా పెద్దమనిషి ఒకాయనతో మరొకటి. ఆ ముగ్గురూ ఆయన్ని "మా మిత్రులు" అని అచ్చులో రాసేవారు. మా క్వార్టర్ల లైనులో మాత్రం "కప్పల జగన్నాథం" అనేవారు. ఇంట్లో పిల్లికి కూడా చెప్పకుండా కప్పలు పెంచితే అనరూ మరి!

పందొమ్మిది వందల ముప్పై అయిదు వానాకాలంలో ఆయన దృష్టి దోమల మీద పడింది. క్వార్టర్ల వెనక, రైలు కట్టకి మట్టి తీసిన గోతులు అయిదున్నాయి. వాటి నిండా నీళ్ళు, నీళ్ళ నిండా దోమ పురుగులు. రోజూ పొద్దున్నే ఒక్కో గోతిలో పది గరిటెల నీళ్ళు ముంచి, గరిటెలో ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించాలి. రైల్వే డాక్టరుగారు ఒకరు ఈ పనిలో కలిశారు. పురుగు చావాలని ఆ గోతుల మీద వారం వారం కిరసనాయిలు చల్లించేది ఆయనే. వదిన గరిటె ఒకటి ఆ వానాకాలం వంటింటికి తిరిగి రాలేదు.

దసరా వచ్చింది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను. మా వాళ్ళు ఏడాదంతా రైల్వే పాసు దాచుకునేది ఆ పండక్కే. ఆకాశమంత మాను చివర పూజారి కూర్చుని ఊరేగుతుంటే కింద నిలబడి దండం పెట్టకపోతే ఆ ఏడు వెళ్ళినట్టే కాదు. అన్నయ్యకి వాళ్ళమ్మ మొక్కు ఉంది. పుస్తకం, గరిటె నా చేతిలో పెట్టాడు.

"ఎనిమిది రోజులురా సూర్యం. ఒక్క పూట తప్పినా ఏడాది లెక్క పాడైపోద్ది. ఉంటావా?"

"నువ్వెళ్ళిరా అన్నయ్యా, నాకేటి పని" అన్నాను.

మొదటి రోజు లెక్కపెట్టాను. ఆ సాయంత్రమే స్టేషన్‌కి వెళ్ళి చూస్తే ప్లాట్‌ఫారం అంతా మావాళ్ళే. మూటలు, పిల్లలు, అరుపులు. ఒరే సూర్యం నువ్వు రావా అని నలుగురూ అడిగారు. నలుగురితో నారాయణా అని నేనూ ఎక్కేశాను. నా పాసు జేబులోనే ఉంది. ఎందుకు తెచ్చుకున్నావని అడగకండి.

తిరిగొచ్చాక పుస్తకంలో ఏడు రోజుల గళ్ళు ఖాళీగా కనిపించాయి. వదిలేద్దామంటే సిగ్గేసింది. అంకెలు కల్పిద్దామంటే భయమేసింది. అంకె అబద్ధం అవుతుంది, సున్నా అయితే ఏమీ రాయనట్టే కదా అనుకున్నాను. ఏడు రోజులు, అయిదు గోతులు, ముప్పై అయిదు సున్నాలు పెట్టాను. ఎంత తెలివో చూడండి!

ఆ సున్నాలకి రెక్కలొచ్చాయి. దసరా తరవాత వారం రోజులు పురుగు మాయమవుతోందని అన్నయ్య ముగ్గురు మిత్రులకీ రాశాడు. అప్పటికి నీళ్ళలో క్షారం పెరుగుతుందని కెమిస్టు అన్నాడు. నాచు చిక్కబడి ఊపిరాడనివ్వదని మేష్టారు రాశాడు. కలకత్తా ఆయన కప్పల వల్లే అన్నాడు. నేను పెట్టిన సున్నాకి మూడు శాస్త్రాలు మూడు కారణాలు చెప్పాయి. డాక్టరుగారితో కలిపి అయిదు పేర్లతో వ్యాసం అచ్చయింది. దాన్ని టైపు కొట్టింది నేనే. ఆ సున్నాల వరుస వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. చెప్పేద్దామని లేచాను కూడా. అన్నయ్య ముఖంలో వెలుగు చూసి మళ్ళీ కూర్చున్నాను.

మరుసటి ఏడు కిరసనాయిలు కరువొచ్చింది. ఏ వారం చల్లకపోతే ఫరవాలేదో అని డాక్టరుగారు వెతుక్కుంటే, తను కూడా పేరు పెట్టిన ఆ వ్యాసం కనిపించింది. పండగ వారం చల్లడం ఆపేశారు. కార్తీకంలో గోతుల పక్క లైనంతా జ్వరాలే. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సన్యాసిరావుకి జ్వరం తలకెక్కి మూడు రోజుల్లో పోయాడు. ముప్పై ఏళ్ళు లేవు. క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సొచ్చింది. పెళ్ళాం అసిరమ్మ ఏడాది పిల్లని చంకనేసుకుని ఊళ్ళో తెలిపారా పేటలో ఒక గదిలోకి మారింది. గోల్ బజార్లో కూరగాయలమ్ముకుని బతికింది.

అన్నయ్య నన్ను పిలిచి టైపు మిషనులో కాగితం ఎక్కించమన్నాడు. ఆ వ్యాసం తప్పు, లెక్క నాది, తక్కినవారి దోషం లేదు, ఇకమీద నేను ఏమీ ప్రచురించను. వ్యాసం అచ్చేసిన వాళ్ళకి ఆయన రాయించిన ఉత్తరం ఇదీ. ఆయనకి ఉన్న ఆస్తల్లా ఆ పేరే. దాన్ని నా చేత్తో నేనే కొట్టెయ్యాలి. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆయన కాగితం వైపే చూస్తూ అన్నాడు.

"తెలుసురా. విజయనగరంలో, మూడు లాంతర్ల దగ్గర జనంలో నిన్ను చూశాను. వచ్చాక సున్నాలూ చూశాను. వచ్చే ఏడు మళ్ళీ లెక్కపెట్టి సరిచేద్దామనుకుని ఆ సున్నాలే వాళ్ళకి రాసేశాను. ఇంతలో ఆ ముగ్గురి ఉత్తరాలూ వచ్చీసినాయి. అంత గొప్పగా ఎవరూ నాకు ఎప్పుడూ రాయలేదు సూర్యం."

నాకు కోపం వచ్చింది. సిగ్గు లేకుండా ఆయన మీదే వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"నా పేరు కూడా పెడతాను" అన్నాను.

"వద్దు. గరిటె నీకిచ్చింది నేను. కొట్టు."

కొట్టాను. వద్దన్నాడు కదా అని హాయిగా నా పేరు లేకుండానే కొట్టాను. తరవాత ఇద్దరం తెలిపారా వెళ్ళి అసిరమ్మ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాం. తిడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని అనుకున్నాం. పోస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె పిల్లని ఒళ్ళో సర్దుకుంటూ చివరిదాకా విన్నది.

"కిందటేడు ఆ పండక్కి నాను ఊరెల్లలేదు బాబూ" అంది. "ఇది కడుపులో ఉంది, నిండు నెలలు. ఆ వారమంతా ఆ గోతిలోనే అంట్లు తోమినాను. పురుగుల్ని సేత్తో పక్కకి తోసి నీళ్ళు ముంచుకున్నాను. నన్నొక్కమాట అడిగితే సెప్పీదాన్ని కదా."

ఏడాది పొడుగునా అన్నయ్య, ఆ ఒక్క రోజు నేను, గరిటె పట్టుకుని నడిచింది ఆవిడ పాత క్వార్టర్ గుమ్మం ముందు నుంచే. అడగాలని మాకు తోచలేదు.