అది తెలుగు కాదు

మేం సరిహద్దు పోస్టుకి చేరేసరికి మంచు మోకాలి దాకా ఉంది. జనవరి. పదిహేను వేల అడుగుల ఎత్తు. బంకర్లో ఎనిమిది మందిమి, ఒక కిరోసిన్ పొయ్యి, రెండు ఆక్సిజన్ సిలిండర్లు. నాది నర్సింగ్ అసిస్టెంట్ పని. అందుకే అందరికీ ‘డాక్టర్ సాబ్’ని. అసలు డాక్టరు కింద బేస్‌లో ఉండేవాడు, రేడియోలో దొరికేవాడు.

రేడియో ఆపరేటరుదీ మా ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయే. వాళ్లది సెక్టర్ 4, మాది సెక్టర్ 2. సొంత ఊళ్లో ఏనాడూ పలకరించుకోని వాళ్లం, ఆ కొండ మీద వరస కలుపుకుని బావా అంటే బావా అనుకున్నాం. నా తెలుగు సగం హిందీ అని వాడు ఏడిపించేవాడు.

“ఏటి బావా, మీ ఇంట్లో పప్పు కూడా హిందీలోనే ఉడుకుతాదేటి?”

ఆ రోజు ఉదయం ఆరూ నలభైకి వాడు వాతావరణం రిపోర్టు చెబుతున్నాడు. రోజూ హిందీలోనే చెప్పేవాడు. కింద నుంచి “దోబారా బోలో, ఓవర్” అన్నారు. మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే జవాబు. బంకర్లో నవ్వులు మొదలయ్యాయి.

“డాక్టర్ సాబ్, నిద్రమత్తులో మీ తెలుగులోకి దిగిపోయాడు. క్యా బోల్ రహా హై?” అన్నాడు వంట చూసే జవాను.

చెవి పెట్టి విన్నాను. “తొలిమ కరాగ, నీళ్ల బొత్తి లేచ్...” వాళ్ల పెద్దల ఊరు సిక్కోలు వైపు మాటేమో, నాకు రాదేమో అనుకున్నాను. ఇంకో రెండు ముక్కలు విన్నాక లేచి వాడి పక్కకి వెళ్లాను.

“ఇది తెలుగు కాదు సాబ్. ఏ భాషా కాదు” అన్నాను పోస్టు కమాండరుతో.

నేను నవ్వి చూపించి, వాణ్ణి నవ్వమన్నాను. మూతి కుడివైపు కదల్లేదు. రెండు చేతులూ ఎత్తించాను. కుడిచెయ్యి మెల్లగా వాలిపోయింది. పక్షవాతం. ఇరవై తొమ్మిదేళ్ల వాడికి! మీ ఇళ్ల దగ్గరైనా ఇంతే: మూతి, చెయ్యి, మాట. ఏ ఒక్కటి తేడా వచ్చినా టైము చూసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

కమాండరు మంచివాడే. కంగారులో “ఒక మూత రమ్ము పొయ్యి, వెచ్చబడతాడు” అన్నాడు. వద్దన్నాను. మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరిన్ కూడా ఇవ్వలేదు. రక్తం గడ్డకట్టిందో, నరం చిట్లిందో స్కాన్ తీస్తేగాని తెలియదు. చక్కెర చూశాను, సరిగ్గానే ఉంది. ఆక్సిజన్ పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, రేడియో నేనే అందుకున్నాను.

“మొదలై పది నిమిషాలు, సార్.”

“గడ్డ అయితే నాలుగున్నర గంటల్లోపు మందు ఎక్కించాలి. హెలికాప్టర్ సిద్ధం. అక్కడ ఎంత దూరం కనిపిస్తోంది?” అన్నాడు డాక్టరు.

బయటికెళ్లి చెయ్యి చాపాను. నా వేళ్లే నాకు కనిపించలేదు.

ఆ పొగమంచుని తిట్టినట్టు నేను జన్మలో ఎవర్నీ తిట్టలేదు. హెలికాప్టర్ మధ్యాహ్నం రెండింటికి దిగింది. ప్రాణం దక్కింది. మాట దక్కలేదు.

ఏడాది తర్వాత నేను ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాను. సుపేలా బజారులో ఆటో ఎక్కి బావ వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. తలుపు వాళ్లావిడ తీసింది.

“మాటలు నేర్పే మేడం వస్తన్నారు అన్నయ్యా. మనం సెప్పింది ఇప్పుడు బాగానే అర్థమవుతాది ఆయనకి. ఆయన సెప్పేదే మాకు తెల్దు.”

ఆ కొండలేవీ ఇప్పుడు నా కలలోకి రావు. వచ్చేది వాడు పడుకుని ఉన్న ఆ గదే. వాడు ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. పొడుగ్గా ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ చివర్లో గొంతు పైకి లేచింది. ఏదో అడిగాడు. అడిగి, నా మొహంలోకి చూస్తూ ఆగాడు. ఏం చెయ్యాలో తోచక, అవునన్నట్టు తలూపాను.

వాడు నా చెయ్యి వదిలేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.