ఇరవై అయిదు దాటని తోమాసు

చెన్నూరు మిషను దవాఖాన బండి నడిపే తోమాసును ఉత్త తోమాసు అంటే ఆ తోవలో ఎవరికీ తెలియదు. భీమారంలో అడిగినా, జైపూర్‌లో అడిగినా, నస్పూర్ బొగ్గుబావుల దగ్గర అడిగినా 'ఇరవై అయిదు తోమాసు' అనాలి. అప్పుడు ముసలివాళ్ళు కూడా నవ్వి, బండి ఏ పక్కకు పోయిందో చెప్పేవాళ్ళు. ఆ పేరు పెట్టింది లోకమే అయినా, దానికి కారణం మాత్రం పూర్తిగా తోమాసే.

సంగతి నలభై తొమ్మిదిలో మొదలైంది. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న ఒక జీపును మిషను పాదిరి దొర కొన్నాడు. అప్పటిదాకా మిషను ఎడ్లబండి తోలిన తోమాసుకే స్టీరింగు ఇచ్చాడు. ముప్పై ఏళ్ళ వయసు, చేతికింద ఇంజను. ఇంకేం కావాలి? మొదటి నెలలోనే ఇందారం మలుపులో వేగం చూపే మీటరు ముల్లు నలభై దాటించి, దొరతో సహా జీపును కాలువలో దించాడు. దొర భుజం ఎముక విరిగింది. ఇంకొకరైతే తోమాసును అక్కడికక్కడే పొమ్మనేవారు. దొర మాత్రం కట్టు కట్టించుకుని మంచం మీదికి పిలిపించి, అతని చేతిని బైబిలు మీద పెట్టించి, తన బోధల తెలుగులో అన్నాడు: "తోమాసూ, ఈ ముల్లు ఇరవై అయిదును ఎన్నడునూ దాటకూడదు."

"దాటది దొరా," అన్నాడు తోమాసు. దాటలేదు. దొర మూటాముల్లె కట్టుకుని తన దేశం వెళ్ళిపోయాడు, నిజాం రాజ్యం పోయింది, రాష్ట్రం పేరే మారిపోయింది. ముల్లు మాత్రం ఇరవై అయిదు దగ్గర మేకు కొట్టినట్టు ఉండేది. బస్సువాళ్ళు హారన్లు కొట్టి తిట్టి దాటిపోయేవాళ్ళు. తోమాసు చెయ్యి ఊపి సాగనంపేవాడు.

అతనికి గడియారం లేదు. అవసరమూ లేదు. బండి ఎక్కగానే కీర్తనలు ఎత్తుకునేవాడు. దవాఖాన గేటు దగ్గర మొదటిది మొదలుపెడితే, ఇరవై నాలుగు మైళ్ళ అవతల మంచిర్యాల స్టేషను ముందు పదోది ముగిసేది. ఏ కీర్తన ఏ ఊరిలో వస్తుందో తోవ పక్క పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళకు కూడా తెలుసు. గొంతు గొప్పదేమీ కాదు. వినేవాళ్ళకు ఓపిక ఉండేది, అంతే.

అరవై ఒకటిలో జర్మనీలోని ఏదో సంఘం వాళ్ళు దవాఖానకు కొత్త వ్యాను పంపించారు. ఎంత సొగసైన బండి! తెల్లని రంగు, మెత్తని సీట్లు, ఇంజను వెనక. తోమాసు దానికి పూలదండ వేసి, మీటరు అద్దాన్ని ధోవతి అంచుతో తుడిచి, అంకెలు చదువుకున్నాడు. అంకెలు వచ్చు. కింద సన్నగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు రావు. వాటితో తనకేం పని? ఇరవై అయిదు ఎక్కడుందో వెతికి చూసుకుని బయల్దేరాడు.

ఆ రోజు నుంచే కష్టాలు మొదలయ్యాయి. పదో కీర్తన అయిపోయేసరికి బండి ఇంకా జైపూర్ కూడా దాటలేదు. చేసేదిలేక మొదటికొచ్చి మళ్ళీ ఎత్తుకున్నాడు. స్టేషను చేరేసరికి పదహారయ్యాయి. తోమాసు కంగారుపడ్డాడు. మీటరు మీద అనుమానం రాలేదు. జర్మనీ వాడు అబద్ధం చెబుతాడా? బండి మీదా రాలేదు. మెత్తగా పోతుంది కాబట్టి మెల్లగా పోతున్నట్టు అనిపిస్తుందని సరిపెట్టుకున్నాడు. చివరికి తప్పు తన మీదే వేసుకున్నాడు. నలభై రెండేళ్ళు వచ్చాయి, కీర్తనలు గబగబా పాడేస్తున్నానేమో, చరణాలు మింగేస్తున్నానేమో అని భయపడ్డాడు. మర్నాటి నుంచి ఒక్కో అక్షరం సాగదీసి పాడితే వెనక సీట్లో ఉన్న జ్వరం మనిషి, "అన్నా, జర ఆపరాదే," అని మొక్కాడు.

కంపౌండరు హనుమండ్లు ఒకసారి కిటికీలోంచి చూసి, "తోమాసన్నా, గా సైకిలాయన మనల్ని దాటిపోయిండే," అన్నాడు. తోమాసు ఇంకో చరణం ఎత్తుకున్నాడు. సైకిలు మీద ఉన్నది పోస్టుమాను, అదీ ఎదురుగాలిలో.

దవాఖానను చూసుకునే డాక్టరమ్మది బందరు వైపు. మంచి మనిషి, పని విషయంలో మాత్రం కఠినురాలు. ఎండలు ముదిరాక, మంచుపెట్టెలో రైలు మీద వచ్చిన మందు దవాఖాన చేరేసరికి నీళ్ళలో తేలుతూ కనిపించింది. మొదటిసారి ఊరుకుంది. తరవాతి వారం తానే రైలు అందుకోలేకపోయింది. అప్పుడు తోమాసును పిలిచింది.

"చూడు తోమాసూ, నీ మంచితనం నాకు తెలుసు. కానీ రైలు మంచితనం చూసి ఆగదు. శనివారం పొద్దుటి రోగులను చూసి తొమ్మిదిన్నరకు గానీ నేను కదల్లేను, పదకొండు గంటల బండికి లచ్చవ్వను వరంగల్లు తీసుకెళ్ళాలి. కంటి ఆపరేషను చేసే డాక్టరు నెలకొక్కసారే వస్తాడు. ఆ బండి తప్పితే సోమవారం నుంచి నస్పూర్ లారీ కుర్రాణ్ణి పెట్టుకుంటాను. నువ్వు మళ్ళీ ఎడ్లబండి చూసుకో."

తోమాసు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. భార్య దేవవ్వ విషయం రాబట్టింది.

"ముప్పైలో పోరాదయ్యా? ఎవ్వడు సూస్తడు? దొర సముద్రం అవతల ఉన్నడు."

"నేను సూస్తనే," అన్నాడు తోమాసు. "నేను జేసిన పనికి కాలువల పడి భుజం ఇరగ్గొట్టుకున్నడు. ఒక్క మాట అనలే, ఒక్క మాట అడిగిండు. గది గూడ నిలబెట్టుకోకపోతె నేనేం మనిషిని?"

దేవవ్వ తిట్టబోయి ఆగిపోయింది. పన్నెండేళ్ళు ఆ మాటతోనే కాపురం చేసింది. తన మొగుడు ఎందులో వంగుతాడో, ఎందులో వంగడో ఆమెకు బాగా తెలుసు. "సరె, ఎడ్లనన్న మంచిగ సూసుకుందాం," అంది. కానీ స్టీరింగు లేని తోమాసును తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది, తోమాసుకూ వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు కనబడకుండా ఏడ్చారు.

శుక్రవారం ఒంటరిగా మంచిర్యాల పోయి మందులు బండిలో ఎక్కించుకుని వస్తుంటే, ఇందారం దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక ఎడ్లబండి ఆగి ఉంది. దాని నిండా కొత్త రాళ్ళు. రోడ్డు కూలీలు పాత మైలురాళ్ళు పెరికి వాటి స్థానంలో వేరేవి పాతుతున్నారు. ఒక రాయికి సున్నం పూస్తున్న యాదవ్వ అనే ఆమె, తోమాసును చూసి నవ్వింది.

"డ్రైవరన్నా, ఇయ్యాల గూడ ఇరవై అయిదేనా?"

"గంతే చెల్లె. గీ రాళ్ళు ఎందుకు తీస్తుండ్రు? మంచిగనే ఉండె గద."

"సర్కారు కొత్త కొలత పెట్టింది. మైళ్ళు పోయినయి, ఇప్పుడన్ని కిలోమీటర్లే. మేస్త్రి మాకు లెక్క నేర్పిండు. అయిదు మైళ్ళు ఉన్నకాడ ఎనిమిది రాళ్ళు పాతాలె. రోడ్డు ఏం పెరగలే, రాళ్ళే పెరిగినయి. మా నడుములు పోతున్నయి."

తోమాసు నవ్వి బండి కదిలించాడు. పది గజాలు పోయాక నవ్వు ఆగిపోయింది. మీటరులో ముల్లు కింద తిరిగే చిన్న అంకెలు అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. మంచిర్యాలకు ఇరవై నాలుగు మైళ్ళయితే అవి ముప్పై ఎనిమిదికి పైగా తిరిగేవి. విదేశీ బండికి కాస్త ఎక్కువ చెప్పుకునే అలవాటేమో అనుకుని వదిలేశాడు. ఇప్పుడు కొత్త రాయి పక్కన ఆపి అంకె చూసుకున్నాడు. తరవాతి కొత్త రాయి దాకా పోయి మళ్ళీ చూశాడు. సరిగ్గా ఒకటి తిరిగింది. నమ్మకం చాలక ఇంకో రాయి దాకా పోయాడు. మళ్ళీ ఒకటి.

బండి దిగి సుద్దముక్కతో తలుపు మీద లెక్క వేశాడు. అయిదుకు ఎనిమిది. ఇరవై అయిదులో అయిదులు అయిదు. అయిదు ఎనిమిదులు నలభై. దొర మాట తీసుకున్నది మైళ్ళ జీపు మీద. ఈ బండి పుట్టుకే కిలోమీటర్లది! అంటే ఇన్నాళ్ళూ తను గంటకు పదహారు మైళ్ళు కూడా పోకుండా సైకిళ్ళకు తోవ ఇచ్చాడు. తోమాసు రోడ్డు మధ్యలో నిలబడి తన నెత్తి మీద తానే ఒక మొట్టికాయ వేసుకున్నాడు. తరవాత స్టీరింగు పట్టుకుని, ముల్లును నలభై మీద నిలిపి, ఆ ఇంజను మోత విని అన్నాడు, "ఇగో, గిది నా ఇరవై అయిదు." పాత జీపులో తగిలిన గాలే మొహానికి తగిలింది.

శనివారం తొమ్మిదిన్నరకే బయల్దేరాలి. కానీ లచ్చవ్వ కదిలితేనా! సాలెల ఇంటి ముసలమ్మ ఆమె. కొడుకు నేసిన కొత్త చీర కట్టుకుంటే గానీ వరంగల్లు రానంది. చూపు మసక. సందూక అడుగున ఉన్న చీర దొరికేసరికి పది కావొస్తోంది. డాక్టరమ్మ ముందు సీట్లో కూలబడి, "ఇక అయిపోయింది," అంది. రోజూ వెనక రోగుల దగ్గర కూర్చునే మనిషి, ఆందోళన పట్టలేక ఆ రోజు ముందుకొచ్చింది. అందుకే బండి ఊరు దాటాక మొదటిసారి మీటరు ఆమె కంటబడింది. ముల్లు నలభై మీద ఉంది.

"తోమాసూ! ఇరవై అయిదు దాటావా? నా మాటకు భయపడి నీ మాట తప్పావా?"

"తప్పలే అమ్మా," అని తోమాసు రాళ్ళ సంగతి, అంకెల సంగతి చెప్పుకొచ్చాడు. డాక్టరమ్మ మీటరు మీదికి వంగి సన్నటి అక్షరాలు చదివింది. చదువుకున్నది తను, ఎనిమిది నెలలుగా ఆ బండిలో తిరుగుతున్నది తను. ఒక్కరోజు వంగి చూస్తే సరిపోయేది. సిగ్గుతో ఆమె మొహం ఎర్రబడింది.

"నన్ను అడగొచ్చు కదయ్యా?"

"ఏమని అడగాలమ్మా? నా మాట బరువైతుందని మీకు చెప్పుకోవాల్నా?"

జైపూర్‌లో బర్రెల మంద అడ్డం పడి ఆరేడు నిమిషాలు తిన్నది. మంద దాటాక డాక్టరమ్మ గడియారం చూసింది, ముల్లు చూసింది, "ఇంకొంచెం..." అని నోరు తెరిచింది.

"నలభై అమ్మా," అన్నాడు తోమాసు, ఎంతో మర్యాదగా. ఆమె చేతి గడియారాన్ని కొంగుతో కప్పేసుకుంది. వెనక నుంచి లచ్చవ్వ మాత్రం, "కొడుకా, ఇయ్యాల గాలి మంచిగ కొడుతుంది," అని మెచ్చుకుంది.

స్టేషను ముందు ఆగేసరికి రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. తోమాసు లచ్చవ్వను రెండు చేతులతో ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. రైలు కూత వేసింది.

"తోమాసూ, నాకొక మాట ఇస్తావా? నేనీ దవాఖానలో ఉన్నన్నాళ్ళూ ఈ బండి నువ్వే నడపాలి."

ఇంకొకరైతే దండం పెట్టి వెంటనే సరే అనేవాళ్ళు. తోమాసుకు అది చేతకాదు. మాట అంటే మాట. ఉన్నన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళు? తన కళ్ళు మసకబారితేనో? రేపు కాళ్ళు పట్టేస్తేనో? మొహం ముడుచుకుని ఆలోచనలో పడ్డాడు. రైలు కదిలింది. డాక్టరమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపే ఉంచింది.

"ఇచ్చెయ్ కొడుకా, బండి పోతుంది!" లోపలి నుంచి లచ్చవ్వ అరిచింది.

తోమాసు రైలు పక్కన నడిచాడు, తరవాత పరుగెత్తాడు. అన్నీ బేరీజు వేసుకుని, ప్లాట్‌ఫారం చివర కంకర రాళ్ళ దాకా పోయి, ఆ చేతిలో గట్టిగా చెయ్యి వేసి, ఆయాసపడుతూ అరిచాడు.

"ఇచ్చిన అమ్మా!"