సారు కొలిచిన పడుగు

నాకు కక్ష లేదంటే అబద్ధమైతది. తెలంగాణ వచ్చిన కొత్తల, దేవరకొండల డిగ్రీ ఆఖరి ఏడు. ఫిజిక్స్ వైవాల మా సారు నన్ను విశ్వం ఎంత జోరుగ విస్తరిస్తాందో చెప్పుమన్నడు. ఆయనకు పుస్తకంల ఉన్న ఒక్క అంకె కావాలె. నేను రెండు చెప్పిన. విశ్వం పుట్టిన కొత్తల వెలుగును పట్టి లెక్క కడితే అరవై ఏడొస్తది, దగ్గరి నక్షత్రాలను పట్టి కొలిస్తే డెబ్బై మూడొస్తది, రెండు తీర్ల కొలిచినోళ్ళూ మంచిగనే కొలిచిండ్రు, అయినా కలుస్తలేవన్న. ఎందుకు కలుస్తలేవంటే ఎవరికీ తెల్వదు సార్ అన్న.

బయటి నుంచి వచ్చిన పరీక్షల సారు ముంగటనే మా సారు నవ్విండు. "తెల్వదనేటోళ్ళకు సైన్సెందుకు? పోయి మీ మగ్గం కాడ మూరలేసుకో" అన్నడు. మార్కులు కోసిండు. ఆ ఏడు నాకు ఎమ్మెస్సీ సీటు రాలే. ఇంటికొచ్చి ఏడ్వలే, పండ్లు నూరిన. నలుగురి ముంగట ఆయన నోటెంటనే తెల్వదనిపియ్యకుంటే నా పేరు మార్చుకుంట అనుకున్న.

మరుసటేడు సీటొచ్చింది. ఇప్పుడు జడ్చర్లల కాలేజీల పాఠాలు చెప్తున్న. మొన్న సైన్సు పండుగకు ముఖ్య అతిథిగ నేనే ఆయనను పిలిపించిన. రిటైరై ఖాళీగున్నడు, సంబురంగ వచ్చిండు. నన్ను గుర్తు గూడ పట్టలే. దాంతోని ఇంకింత మండింది.

హాలుల మా బాపుతోని చిన్న మగ్గం పెట్టించిన. పొద్దున పడుగు మీద, అంటే నిలువు దారాల మీద, రెండు సిరా గుర్తులు పెట్టి నడుమ ఎంతుందో సారుతోనే కొలిపిచ్చిన. బోర్డు మీద రాసి కింద సంతకం గూడ పెట్టిండు. బాపు దినమంత నేసిండు. సాయంత్రం అందరి ముంగట బట్ట కోసి, అవే గుర్తుల నడుమ మల్ల కొలువుమన్న. నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. టేపు సదురుకొని మల్ల కొలిచిండు. అంతే వచ్చింది.

మా ఇండ్లల్ల చిన్నపిల్లలకు గూడ ఎరుకే, పడుగు అడ్డం దారాల మీదికెళ్ళి, కిందికెళ్ళి వంగుకుంట పోతే కురచైతదని. రెండు కొలతలూ నిజమే. విశ్వం సంగతి గట్లనే ఉందో లేదో ఇంకా ఎవ్వరికీ అంతు చిక్కలే. సారుకు దారం సంగతే అంతు చిక్కలే.

ఏ కొలత తప్పు సార్ అని అడిగిన. సారు బాపు దిక్కు చూసిండు. బాపు తల వంచుకొని మగ్గం తుడుస్తున్నడు. సారు టేపు చుట్టుకుంట, "తెల్వదమ్మా" అని గొణిగిండు.

ఇడిసిపెట్టు బిడ్డా అన్నట్టు బాపు చెయ్యూపిండు. నేను ఇడువలే. మైకు తీసుకపోయి ఆయన మూతి కాడ పెట్టిన.

"ఎనుకోళ్ళకు ఇనవడలే సార్. మల్లొక్కసారి చెప్పుండ్రి."